సిస్‌ప్లాటిన్‌తో పాటు మూత్రం మందు: ఉత్త సెలైనా, మానిటాలా, లాసిక్సా?

“సిస్టర్, పక్క బెడ్డు ఆయనకి చిన్న సీసా ఒకటి ఎక్కువ పెట్టారు. మా నాన్నకి పెట్టలేదేం? కార్డు మీద వచ్చామనా?”

కీమో డే కేర్ వార్డులో పనిచేసే నాకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. అడిగేవాళ్ళ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపిస్తుంది. ఆ చిన్న సీసా మానిటాల్, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు. ఇంకో బెడ్డు దగ్గర ఆ సీసా ఉండదు, సెలైన్ అయ్యే వేళకి లాసిక్స్ అనే ఇంకో మూత్రం మందు ఇంజెక్షన్ ఇస్తాం. మూడో ఆయనకి ఈ రెండూ ఉండవు. కానీ ముగ్గురికీ ఎక్కేది ఒకటే కీమో, సిస్‌ప్లాటిన్. కార్డుకీ దీనికీ సంబంధం లేదు, ఈ మూడూ పెద్ద ఖరీదైనవి కూడా కావు. ఎవరి ఒంటికి ఏది సరిపోతుందన్నదే లెక్క. ఆ లెక్క ఎలా వేస్తారో తెలిస్తే మీరు డాక్టరుగారిని సరైన ప్రశ్న అడగగలరు. అందుకే ఇది రాస్తున్నాను. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు మార్చుకోవద్దు, మానుకోవద్దు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. సిస్‌ప్లాటిన్ నుంచి కిడ్నీలను ప్రధానంగా కాపాడేది నీళ్ళు, వాటితో పాటు మెగ్నీషియం. మూత్రం మందు వాటికి సాయం మాత్రమే. ఒంట్లో నీళ్ళు చాలనివాళ్ళకి మూత్రం మందు ఇస్తే అది సాయం కూడా కాదు, హాని.

అసలు ఈ మూత్రం మందు గొడవ ఎందుకు వచ్చింది

సిస్‌ప్లాటిన్ ప్లాటినం లోహంతో చేసిన మందు. 1960ల్లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావం ఎలా ఉంటుందో పరిశీలిస్తున్నప్పుడు, వాటి కణాలు విడిపోవడం ఆగిపోయింది. కారణం కరెంటు కాదు, ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి నీళ్ళలోకి దిగిన పదార్థం. అక్కడి నుంచి అది క్యాన్సర్ మందయింది, 1978లో అమెరికాలో అనుమతి వచ్చింది. మధ్యలో ఒక దశలో, కిడ్నీలు దెబ్బతింటున్నాయని ఈ మందును పక్కన పెట్టేసే పరిస్థితి వచ్చింది. ముందూ వెనకా ధారాళంగా సెలైన్ ఎక్కించి, మానిటాల్‌తో మూత్రం బాగా వచ్చేలా చేస్తే కిడ్నీలు తట్టుకుంటున్నాయని 1970ల్లో తేలడంతో మందు నిలబడింది. సిస్‌ప్లాటిన్ అనగానే మూత్రం మందు గుర్తుకురావడం అప్పటి నుంచి వచ్చిన అలవాటే.

మన దగ్గర దీని అవసరం చాలా ఎక్కువ. గుట్కా, ఖైనీ వల్ల వచ్చే నోటి క్యాన్సర్లు, శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటుతో అంగిట్లో వచ్చే క్యాన్సర్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, వీటిలో చాలావాటికి రేడియేషన్‌తో పాటు ఇచ్చేది ఈ మందే. మన ఊళ్ళలో రేడియేషన్‌ని “కరెంటు పెట్టడం” అంటారు కదా. “కరెంటు పెట్టే రోజుల్లో వారానికోసారి ఎక్కించే మందు” అని చెబితే ఎక్కువగా అది సిస్‌ప్లాటినే అయ్యుంటుంది.

కిడ్నీలో మూత్రం తయారయ్యే సన్నటి గొట్టాలుంటాయి. వాటి గోడల్లోని కణాలు రక్తంలోంచి ఈ మందును లోపలికి లాక్కుంటాయి. అక్కడ పోగుపడి కణాల్ని చంపుతుంది. మెగ్నీషియం తక్కువగా ఉంటే ఆ కణాలు మందును ఇంకా ఎక్కువగా లాక్కుంటాయి. పైగా సిస్‌ప్లాటిన్ వల్ల మూత్రంలో మెగ్నీషియం పోతుంది. అంటే ఒక్కో డోసుకీ కిడ్నీ మరికాస్త బలహీనపడే వీలుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద రాసేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: సిస్‌ప్లాటిన్ పడుతుందా?

ఒక లెక్క చూడండి. 68 ఏళ్ళ పెద్దావిడ, బరువు 40 కిలోలు, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) 1.0. ల్యాబ్ కాగితంలో అది నార్మల్ గీతల మధ్యే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు “కిడ్నీలు బాగున్నాయంట” అనుకుంటారు. కానీ 140లోంచి వయసు తీసేస్తే 72. దాన్ని బరువు 40తో గుణించి, 72తోనూ క్రియాటినిన్ 1.0తోనూ భాగిస్తే 40 వస్తుంది. ఆడవాళ్ళకి దాన్ని 0.85తో గుణించాలి. వచ్చేది 34. అంటే ఆవిడ కిడ్నీలు నిమిషానికి దాదాపు 34 మిల్లీలీటర్ల రక్తాన్ని మాత్రమే శుభ్రం చేస్తున్నాయి. సిస్‌ప్లాటిన్‌కి మామూలుగా 60కి తగ్గకుండా ఉండాలని చూస్తారు. 50కీ 60కీ మధ్య ఉంటే డాక్టర్లు మనిషిని బట్టి ఆలోచిస్తారు.

34 ఉన్న మనిషికి మానిటాల్ పెడదామా, లాసిక్స్ ఇద్దామా అన్న చర్చకే తావు లేదు. ఏ మూత్రం మందూ ఆ 34ని 60 చెయ్యదు. అక్కడ మార్చాల్సింది కీమో మందునే. కార్బోప్లాటిన్ అనే ఇంకో ప్లాటినం మందు కిడ్నీల మీద తేలిక, దాని డోసును కిడ్నీ పనితీరును బట్టే లెక్క కడతారు. కాకపోతే ప్లేట్‌లెట్లు ఎక్కువ తగ్గిస్తుంది. అన్ని క్యాన్సర్లలోనూ సిస్‌ప్లాటిన్‌కి సమానం కూడా కాదు, వృషణాల క్యాన్సర్‌లో సిస్‌ప్లాటినే మేలు. తల, మెడ క్యాన్సర్లలో సిస్‌ప్లాటిన్ పడనివాళ్ళకి రేడియేషన్‌తో డోసిటాక్సెల్ అనే వేరే కీమో మందు ఇవ్వడం ఉపయోగపడుతుందని ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళ ట్రయల్ 2023లో చూపించింది. కాబట్టి “సిస్‌ప్లాటిన్ ఇవ్వం” అంటే వైద్యం ఆపేశారని కాదు.

చెవుడు బాగా ఉన్నా, కాళ్ళూ చేతులూ తిమ్మిర్లతో మొద్దుబారి ఉన్నా, గుండె పంపింగ్ తక్కువున్నా ఇదే ఆలోచన చెయ్యాలి. ఇవి మీరే చెప్పాలి, రక్తపరీక్షలో కనపడవు. “పెద్దాయనకి కొంచెం గట్టిగా చెప్పాలి, అంతే” అని నవ్వుతూ అనేస్తారు. ఆ మాట మాకు ఎంత ముఖ్యమో చాలామందికి తెలీదు.

మొదటి దారి: సెలైన్, మెగ్నీషియం, అంతే

వారానికోసారి చదరపు మీటరుకి 40 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చే పద్ధతిలో నేను ఎక్కువగా కోరుకునేది ఇదే. ఓ మోస్తరు మనిషి ఒంటి కొలత (ఎత్తు, బరువును బట్టి లెక్కకట్టే ఒంటి ఉపరితలం) 1.6 చదరపు మీటర్లనుకుంటే డోసు 64 మిల్లీగ్రాములు. కీమోకి ముందు ఓ లీటరు సెలైన్, అందులో మెగ్నీషియం సల్ఫేట్ ఒకటి రెండు గ్రాములు, చాలాసార్లు పొటాషియం కూడా. తర్వాత సెలైన్‌లో కలిపిన కీమో, ఆ తర్వాత ఇంకో అరలీటరో లీటరో. అన్నీ కలిపి ఐదారు గంటల్లో అయిపోతుంది. మామూలు మూత్రం, మామూలు గుండె ఉన్నవాళ్ళకి ఇది చాలు.

ఇందులో తప్పనిసరిగా ఉండాల్సిన పని ఒకటుంది, మూత్రం కొలవడం. గంటకి సుమారు 100 మిల్లీలీటర్లు రావాలన్నది మేం పెట్టుకునే గురి. మా వార్డులో గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఇస్తాం. చాలామంది సిగ్గుపడి బాత్రూంలోనే పోసేసి “వచ్చిందమ్మా, బాగానే వచ్చింది” అంటారు. బాగానే అంటే 80నా, 300నా? ఆ అంకె తెలిస్తేనే మూత్రం మందు అవసరమో కాదో తెలుస్తుంది. అందుకని ఆడవాళ్ళకి మడత కుర్చీ కింద బేసిన్ పెట్టి, చుట్టూ తెర వేసి అయినా సరే కొలుస్తాం. మీ దగ్గర కొలవకపోతే మీరే ఒక జగ్గు తెచ్చుకుని, టైము వేసి కాగితం మీద రాయండి.

“మూత్రం మందు ఇవ్వకపోతే కీమో కిడ్నీలో ఉండిపోదా?” అని అడుగుతారు. సెలైన్ వల్లే మూత్రం ధారాళంగా వస్తున్నప్పుడు దాన్ని ఇంకా తోసెయ్యడం వల్ల అదనంగా మేలు ఉందని గట్టి రుజువు లేదు.

రెండో దారి: మానిటాల్

ఇది ఒక రకం చక్కెర ఆల్కహాల్. ఒంట్లో కరిగి ఖర్చవ్వదు. కిడ్నీలో వడకట్టుకుని గొట్టాల్లోకి దిగుతుంది, తిరిగి రక్తంలోకి పోదు, తనతో పాటు నీళ్ళను లాక్కెళ్తుంది. గొట్టాల్లో మందు పలచబడుతుంది. ఆలోచన బాగుంది. ఫలితాలు మాత్రం ఒక్కలా లేవు. కొన్ని పరిశీలనల్లో కిడ్నీలకి మేలు కనిపించింది. 2003లో వచ్చిన చిన్న ట్రయల్ ఒకదానిలో మాత్రం ఉత్త సెలైన్, సెలైన్‌తో లాసిక్స్ కన్నా మానిటాల్ ఇచ్చినవాళ్ళలోనే కిడ్నీ పనితీరు ఎక్కువ తగ్గింది. 2017లో అన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష, పెద్ద డోసు సిస్‌ప్లాటిన్ ఇచ్చేటప్పుడూ, ముందే బీపీ ఉన్నవాళ్ళకూ మానిటాల్ గురించి ఆలోచించవచ్చని చెప్పింది. నా వార్డు అనుభవం కూడా దాదాపు అక్కడే నిలుస్తుంది.

పెద్ద డోసు అంటే మూడు వారాలకోసారి చదరపు మీటరుకి 100 మిల్లీగ్రాములు. అదే 1.6 కొలత మనిషికి ఒక్కరోజే 160 మిల్లీగ్రాములు. పక్క బెడ్డు ఆయనకి సీసా ఉండి మీ నాన్నగారికి లేకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. ఆయనది మూడు వారాల డోసు, మీ నాన్నగారిది వారం డోసు. ఏ డోసు మేలన్నది కూడా చర్చ జరిగిన విషయమే. టాటా మెమోరియల్‌లో 300 మందితో చేసి 2018లో ప్రచురించిన ట్రయల్‌లో, వారానికి 30 చొప్పున ఇచ్చినదానికన్నా మూడు వారాలకి 100 ఇచ్చినవాళ్ళలో జబ్బు అదుపు మెరుగ్గా ఉంది, దాంతో పాటు ఇబ్బందులూ ఎక్కువే. తర్వాత జపాన్‌లో ఆపరేషన్ అయినవాళ్ళ మీద చేసిన ట్రయల్‌లో వారానికి 40 ఇచ్చినా తీసిపోలేదని తేలింది. కిడ్నీల విషయంలో కాస్త అనుమానంగా ఉన్న మనిషికి వారం 40 పద్ధతి కుదురుతుందేమో అడగడం, ఏ మూత్రం మందు అని అడగడం కన్నా పనికొచ్చే ప్రశ్న.

మానిటాల్ ఎవరికి వద్దు? గుండె పంపింగ్ తక్కువున్నవాళ్ళకి. ఎందుకంటే అది మూత్రంలోకి పోయే ముందు ఒంట్లోని నీటిని రక్తనాళాల్లోకి లాగుతుంది, గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మూత్రమే రానివాళ్ళకి అసలు ఇవ్వకూడదు. వాంతులతో ఎండిపోయి వచ్చినవాళ్ళకి ముందు నీళ్ళు నింపాలి, లేదంటే ఉన్న కాస్తా పోతుంది. సోడియం కూడా అటూ ఇటూ అవుతుంది.

ఇంకో చిన్న విషయం. జనవరిలో, ఏసీ గదిలో ఉన్న మానిటాల్ సీసాను వెలుతురుకి ఎత్తి చూస్తే అడుగున పటికబెల్లం పలుకుల్లాంటివి కనిపిస్తాయి. మందు పాడవలేదు, చలికి గట్టిపడింది. సీసాను వేడినీళ్ళలో పెట్టి, అవన్నీ కరిగేదాకా కదిపి, ఒంటి వేడికి చల్లార్చి, ఫిల్టర్ ఉన్న సెట్‌తో ఎక్కించాలి. మీకు పలుకులు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి. ఓ అబ్బాయి చెబితే నేను సీసా మార్చిన రోజుంది, అతనికి ఇప్పటికీ కృతజ్ఞతగానే ఉంటాను. సూది పెట్టిన చోట మంట, వాపు వచ్చినా వెంటనే పిలవండి. అది నరం బయటికి పోతే చర్మం దెబ్బతింటుంది.

మూడో దారి: లాసిక్స్

లాసిక్స్ అనేది ఫ్యూరోసెమైడ్ మందుకి వాడుకలో స్థిరపడిన పేరు. ఇది ఉప్పును తిరిగి రక్తంలోకి పోనివ్వకుండా ఆపుతుంది, ఉప్పుతో పాటు నీరు బయటికొస్తుంది. నరానికి ఇస్తే ఐదు నిమిషాల్లో మొదలై రెండు గంటలు ఉంటుంది. మాత్రగా వేస్తే గంటలో మొదలై ఆరు గంటల దాకా.

కిడ్నీని సిస్‌ప్లాటిన్ నుంచి కాపాడే మందుగా దీన్ని చూడకండి. దీని పని వేరు. ఎక్కించిన నీళ్ళు బయటికి రాకుండా ఒంట్లో ఉండిపోతున్నప్పుడు వాటిని దించడం. పొద్దున్న 58 కిలోలు ఉన్న మనిషి సాయంత్రానికి 60 దాటితే, కాళ్ళు ఉబ్బితే, ఆయాసం మొదలైతే, జగ్గులో గంటకి 100 రాకపోతే, అప్పుడు 20 మిల్లీగ్రాములు నెమ్మదిగా ఇస్తే చక్కగా పనిచేస్తుంది. గుండె బలహీనంగా ఉండి, అయినా సిస్‌ప్లాటిన్ తప్పనివాళ్ళలో మానిటాల్ కన్నా ఇదే నయం, అదీ డాక్టరు దగ్గరుండి చూస్తున్నప్పుడు.

నష్టం వైపు రెండు ఉన్నాయి. ఒకటి, ఇది కూడా మెగ్నీషియం, పొటాషియం రెండింటినీ బయటికి పంపేస్తుంది. సిస్‌ప్లాటిన్ చేసే అదే నష్టాన్ని ఇదీ చేస్తుందన్నమాట. రెండు, చెవి. సిస్‌ప్లాటిన్ వల్ల చెవుల్లో రింగుమనే మోత, సన్నటి శబ్దాలు వినపడకపోవడం రావచ్చు, పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. లాసిక్స్ కూడా, ముఖ్యంగా పెద్ద డోసులో వేగంగా తోస్తే, చెవిని దెబ్బతీస్తుంది. రెండూ ఒకే రోజు పడుతున్నాయంటే జాగ్రత్త రెట్టింపు ఉండాలి. అలవాటు కొద్దీ ప్రతి ఒక్కరికీ లాసిక్స్ రాసెయ్యడం నాకు నచ్చదు. మీ కాగితంలో ఉంటే “మూత్రం సరిగ్గా వస్తున్నా ఇవ్వాలా అండీ?” అని మర్యాదగా అడగొచ్చు. మంచి డాక్టరు ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు.

బస్సు సంగతి

ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు కానీ మన దగ్గర ఫలితాన్ని మార్చేస్తుంది. ఊరి నుంచి రెండున్నర గంటలు ఆర్టీసీ బస్సులో వచ్చే ఒక పెద్దాయన ఉండేవారు. మొదటి డోసుకి క్రియాటినిన్ 0.9. మూడో డోసుకి వచ్చేసరికి 1.6. సెలైన్ సరిగ్గానే ఎక్కింది, లాసిక్స్ కూడా సాయంత్రం నాలుగింటికి ఇచ్చాం. “ఇంటికెళ్ళాక నీళ్ళు తాగుతున్నారా పెద్దయ్యా?” అని అడిగితే తలవంచుకున్నారు. “బస్సులో ఒంటికి వస్తే ఎక్కడ ఆపమంటానమ్మా. పొద్దున వచ్చేటప్పుడూ తాగను, పోయేటప్పుడూ తాగను.” నాలుగింటికి లాసిక్స్, ఐదింటికి బస్సు, మధ్యలో చుక్క నీరు లేదు. ఈ సంగతి మూడో డోసు దాకా నేను అడగలేదు.

ఆ రోజు కీమో ఆపి సెలైన్ మాత్రమే ఎక్కించారు. తర్వాతి వారం పరీక్ష సరిగ్గా వచ్చాకే మళ్ళీ మొదలుపెట్టారు. అప్పుడు ముందురోజు రాత్రే ఆసుపత్రి ఉన్న ఊళ్ళోని బంధువుల ఇంటికి వచ్చేలా చేశాం, పొద్దున ఏడున్నరకే సెలైన్ పెట్టాం, మూత్రం గంటకి 150 వస్తోంది కనుక డాక్టరుగారు లాసిక్స్ తీసేశారు. దూరం నుంచి వచ్చేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఈ మాట సిగ్గుపడకుండా చెప్పండి. మూత్రం మందు ఇవ్వక తప్పకపోతే అది ఇచ్చిన రెండు గంటలకి బయల్దేరండి, లేదా ఆ రాత్రి ఉండిపోండి.

ఇంట్లో వాడే మాత్రలు

మూడు దారుల్లో ఏది ఎంచుకున్నా దాన్ని చెడగొట్టేవి ఇవే. బీపీ మాత్ర పేరు చివర ఇంగ్లీషు అక్షరం హెచ్ ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ అనే మూత్రం మందు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. అంటే మీకు తెలీకుండానే రోజూ ఒక మూత్రం మందు పడుతోంది. కీమో రోజుల్లో దాన్ని మార్చాలా అని అడగండి, మీకై మీరు ఆపకండి. గుండె కోసం రోజూ లాసిక్స్ మాత్ర వేసుకునేవాళ్ళకీ ఇదే మాట.

ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. జ్వరానికి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు వేయించుకోవద్దు, అవి కిడ్నీకీ చెవికీ రెండింటికీ చేటు. స్కానింగ్‌కి నరం ద్వారా రంగు మందు ఇస్తామంటే కీమో తేదీ చెప్పండి. గ్యాస్ మాత్ర నెలల తరబడి వాడినా మెగ్నీషియం తగ్గుతుంది. పసరు మందుల సంగతి దాచకండి, తిట్టం.

మందు ఎక్కించే ముందు బ్యాగు మీద పేరు చదివి వినిపించమని అడగండి. సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్ పేర్లు దగ్గరగా ఉంటాయి, డోసులు మాత్రం చాలా తేడా. కార్బోప్లాటిన్ నాలుగైదు వందల మిల్లీగ్రాములు ఇవ్వడం మామూలే. సిస్‌ప్లాటిన్ అంత పడితే ప్రాణం మీదకి వస్తుంది.

ఇంటికి వెళ్ళాక మూడు రోజులు

గుండె, కిడ్నీ డాక్టరు నీళ్ళు తగ్గించమనకపోతే రోజుకి రెండు లీటర్ల పైన ద్రవాలు పడాలి. నీళ్ళే కానక్కర్లేదు. పలచటి మజ్జిగ, గంజి, రాగి జావ, ఓఆర్‌ఎస్ అన్నీ లెక్కే. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, క్రియాటినిన్ పెరిగి ఉంటే అడిగి తాగండి. బయట చెరకు రసం వద్దు.

నీళ్ళు లోపల నిలవాలంటే వాంతులు ఆగాలి. సిస్‌ప్లాటిన్ వాంతులు ఆ రోజు కన్నా రెండో, మూడో రోజు ఎక్కువ కావచ్చు. అందుకే “ఇప్పుడు బాగానే ఉంది కదా” అని వాంతుల మాత్రలు మానకండి. రాత్రి వేసే ఓలాంజపిన్ మానసిక జబ్బుల మందని ఫోన్‌లో చూసి చాలామంది పక్కన పడేస్తారు. ఇక్కడ అది ఇచ్చేది వాంతులకే.

ఓ నోటుబుక్కులో రోజూ పొద్దున బరువు, తాగినవి, మూత్రం ఎన్నిసార్లు, ఏ రంగు అని రాయండి. నీళ్ళు 24 గంటలు కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురు రంగులో వచ్చినా, బరువు రెండు కిలోలు పెరిగి కాళ్ళు ఉబ్బినా, ఆయాసం వచ్చినా, పిక్కలు పట్టేసినా, వేళ్ళు వణికినా, చెవుల్లో మోత మొదలైనా, జ్వరం 100.4 దాటినా, తర్వాతి తేదీ దాకా ఆగకుండా అదే రోజు వార్డుకి ఫోన్ చెయ్యండి. క్రియాటినిన్ తరచూ పెరిగేది వెంటనే కాదు, వారం పది రోజులకి. కాబట్టి మూడు వారాల డోసు వాళ్ళు మధ్యలో ఒకసారి, వారం డోసు వాళ్ళు ప్రతి వారం కీమోకి ముందురోజే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం చేయించండి. రక్తం తీసేటప్పుడు చీటీలో మెగ్నీషియం అని ఉందో లేదో చూసుకోండి, ఎక్కువగా రాయడం మర్చిపోయేది దాన్నే.